జమాబందీలో లేని ఆసుపత్రి పద్దు

తుమకూరు జిల్లా పావగడ తాలూకాకు మూడు వైపులా ఆంధ్ర నేలే. ఇళ్లలో మాట తెలుగు, ఆఫీసు కాగితం కన్నడం. ఆ తాలూకాలోని తిరుమణి పేరు బయటి ప్రపంచానికి తెలిసింది సోలార్ పార్కు వల్ల. ఐదు ఊళ్ల పొలాల్లో, దాదాపు 13 వేల ఎకరాల్లో, 2,050 మెగావాట్ల పలకలు పరుచుకున్నాయి. కానీ ఈ సీమ కరెంటు కంటే ఎంతో ముందే ఎరిగిన ఒక తంతు ఉంది, జమాబందీ. సర్కారు సొమ్ముకు, అందులోనూ ఆసుపత్రి సొమ్ముకు, జవాబు చెప్పించడం ఎలాగని కమిటీలు వేసుకునేవాళ్లు ముందు దాని చరిత్ర చూడటం మంచిది.

1800లో సరిహద్దుకు అవతలి దత్తమండలాలు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాయి. థామస్ మన్రో 1807 దాకా వాటికి ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉండి రైతువారీ పద్ధతికి పునాది వేశాడు. ఆ పద్ధతిలో ఏటా అధికారి మకాం వేసేవాడు. కరణం లెక్కలు తిరగేసి, ఎవరు ఎంత సాగు చేశారు, ఎంత శిస్తు కట్టాలి, ఎండిపోయిన పైరుకు మాఫీ ఉందా లేదా అని తేల్చేవాడు. అదే జమాబందీ. సరిహద్దుకు ఇవతల మైసూరు సంస్థానంలోనూ శానుభోగుల లెక్కల మీద అలాంటి తనిఖీయే జరిగేది. అది రైతు మేలు కోరి పెట్టింది కాదు, ఖజానా నింపుకోవడానికి పెట్టింది. కరణం కలం వంకర పోతే ఎంత అన్యాయం జరిగేదో పల్లెలకు వేరే చెప్పక్కర్లేదు. అయినా ఆ ఏర్పాటులో ఒక గట్టిదనం ఉంది. లెక్క రాసినవాడు, ఆ లెక్క ఎవరి నెత్తిన పడుతుందో ఆ రైతు, మాఫీ ఇవ్వడానికో కాదనడానికో అధికారం ఉన్నవాడు, ముగ్గురూ ఒక్కచోట ఎదురెదురుగా ఉండేవారు. తేలాల్సింది అక్కడే తేలేది.

సర్కారు తన లెక్క తానే జనం ముందు చెప్పుకోవడం ఆ తర్వాతి ముచ్చట. 1881లో మైసూరు దివాను రంగాచార్లు ప్రజాప్రతినిధి సభ ఏర్పాటు చేశాడు. దసరా వేళ తాలూకాల ప్రతినిధులు మైసూరు చేరితే దివాను రాబడి, ఖర్చు చదివి వినిపించేవాడు, వాళ్లు తమ ఊళ్ల కష్టాలు విన్నవించేవాళ్లు. వినడం, విన్నవించడం వరకే. 1923 చట్టం వచ్చేదాకా ఆ సభకు చట్టబద్ధమైన హక్కులే లేవు. పైగా రైతు ఊళ్లో ఉంటే లెక్క మైసూరులో చదివేవారు. 2000లో కర్ణాటక తెచ్చిన నిబంధనలతో చక్రం పూర్తిగా తిరిగింది. ఏటా ఆగస్టు 16 నుంచి సెప్టెంబరు 15 లోపు ప్రతి గ్రామ పంచాయతీలో జమాబందీ జరగాలి, గడిచిన ఏడాది జమాఖర్చులను, పనులను ఊరి జనం ఎదుట పరిశీలించాలి. పేరు పాతదే. ఈసారి లెక్క అప్పజెప్పాల్సింది మాత్రం సర్కారు.

సరిహద్దు దాటితే ఇదే పని మరింత గట్టిగా జరిగింది. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం మొదలైంది అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. ఆ ఏడాదే ఆంధ్రలో సామాజిక తనిఖీలు మొదలయ్యాయి, 2009లో వాటికోసం ప్రత్యేక సంస్థే పుట్టింది. శిక్షణ పొందిన ఊరి యువకులు మస్టర్లు పట్టుకుని గడప గడపకూ వెళ్లి, ‘నీ పేరున ఇన్ని రోజుల పని రాశారు, నిజంగా వెళ్లావా? ఇంత కూలి పడిందన్నారు, చేతికి వచ్చిందా?’ అని అడిగేవాళ్లు. తేలింది గ్రామసభలో చదివి, తర్వాత మండల స్థాయి ప్రజావేదికలో అధికారుల ముందు పెట్టేవాళ్లు. చదువు రాని కూలీ కూడా తన పేరు మీది దొంగ సంతకాన్ని పట్టుకోగలిగింది అందుకే.

మరి ఆసుపత్రి సంగతి? పంచాయతీ పద్దులో అది కనపడదు. ఫ్లోరైడు నీళ్లతో సతమతమయ్యే పావగడ పల్లెల్లో బోరు, శుద్ధ నీటి కేంద్రం లాంటివాటి ఖర్చు గురించి జమాబందీలో అడగవచ్చు. కానీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం జీతాలు ఖజానా నుంచి వస్తాయి, మందులు రాష్ట్ర స్థాయిలో కొని పంపుతారు. 2005లో వచ్చిన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ఊరి ఆరోగ్య కమిటీకి ఏడాదికి 10 వేల రూపాయలు చేతికిచ్చింది. ఊరు లెక్క అడగగలిగింది ఆ చిల్లరకే, అసలు సొమ్ముకు కాదు. ఆ సొమ్ము ఏమవుతోందో రాష్ట్రానికి తెలియక కాదు. 2001లో డాక్టర్ సుదర్శన్ అధ్యక్షతన ఆరోగ్య కార్యదళం ఇచ్చిన నివేదిక అవినీతిని సూటిగానే ఎత్తిచూపింది.

వైద్యం నిపుణుల పని, పల్లె జనానికి ఏం తెలుస్తుందని కొందరంటారు. చికిత్స మంచి చెడ్డలు తేల్చమని ఎవరూ అనడం లేదు. ఆసుపత్రి ఎన్నింటికి తెరిచారు, స్టాకు పుస్తకంలో ఉన్న మాత్ర కౌంటరులో ఎందుకు లేదు, జననీ సురక్ష పథకం కింద అర్హురాలైన పల్లె బాలింతకు రావాల్సిన 700 రూపాయలు వచ్చాయా, కాన్పు గదిలో ఎవరికెంత ముట్టజెప్పాల్సి వచ్చింది, ఇవి బాలింత కంటే బాగా తెలిసిన నిపుణుడు ఎవరు?

రెండో ఆక్షేపణ బరువైనది, ఇలాంటి తనిఖీలతో ఫలితం రాదని. ఉగాండాలో 25 ఆరోగ్య కేంద్రాల పరిధిలో జనాన్ని, ఆరోగ్య సిబ్బందిని ఎదురెదురుగా కూర్చోబెడితే పసిపిల్లల మరణాలు మూడో వంతు తగ్గాయని 2009లో పరిశోధకులు ప్రకటించారు. అదే పనిని తర్వాత మరింత పెద్ద ఎత్తున చేసి చూస్తే ఆ తగ్గుదల కనపడలేదు. ఆంధ్ర సామాజిక తనిఖీల మీద జరిగిన అధ్యయనం కూడా అక్రమాలు తగ్గలేదనీ, పట్టుకోవడం కష్టమైన రూపాల్లోకి మారాయనీ చెప్పింది. తప్పు తేలినా గట్టి శిక్ష పడ్డది బహు అరుదు. కర్ణాటకలోనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో వేలిముద్ర హాజరు పెడితే నర్సుల రాక మెరుగుపడింది, డాక్టర్ల రాక పడలేదు. యంత్రం లెక్క సరిగానే చెప్పింది. గైరుహాజరైన డాక్టరు జీతం కోయడానికి పైవాళ్లకే చేతులు రాలేదు.

వీటిని చూసి ఊళ్లో లెక్క చదవడం దండగ అనేవాళ్లున్నారు. నాకు తోచేది వేరు. ఆ తనిఖీల్లో లెక్క రాసినవాడు వచ్చాడు, లెక్క తగిలినవాడు వచ్చాడు, పాత జమాబందీలోని మూడోవాడు రాలేదు. వచ్చినా వట్టి చేతులతో వచ్చాడు. జమాబందీ అధికారి ముందు ఊరు ఫిర్యాదు చేస్తే ఆయన నమోదు చేసుకుంటాడు, తీర్పు మరో ఫైలులో, మరో ఊళ్లో. కాబట్టి ఆరోగ్య కేంద్రం పద్దును కూడా ఆ ఆగస్టు, సెప్టెంబరు తనిఖీలోకే తేవాలి, స్టాకు పుస్తకం, హాజరు పట్టీ జనం ముందు తెలుగులో చదవాలి. కన్నడ కాగితాన్ని తెలుగులో చెప్పగలవాళ్లకు పావగడలో కొదవ లేదు. తాలూకా ఆరోగ్యాధికారికి ఒక సంతకంతో జీతం ఆపే, లేని మందును స్థానికంగా కొనిపించే అధికారం ఇచ్చి అక్కడే కూర్చోబెట్టాలి. ఖాళీగా ఉన్న డాక్టరు పోస్టును ఈ తంతు నింపలేదన్నది నిజమే. పోస్టు నిండి ఉండీ కుర్చీ ఎన్ని రోజులు ఖాళీగా ఉందో చెప్పగలదు. 2000ల మొదట్లో ఆకస్మికంగా వెళ్లి చూసిన పరిశోధకులకు దేశంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల సిబ్బందిలో దాదాపు 40 శాతం మంది కనపడలేదు. వాళ్లలో ఎక్కువమంది పేర్లు జీతాల పట్టీలో మాత్రం నెలనెలా ఉన్నాయి.