రైలు చేరని ఊళ్ల రైలు చరిత్ర

చరిత్ర యనగానే మనకు కోటలు, శాసనములు, పట్టాభిషేకములు జ్ఞప్తికి వచ్చును. కాని నూరేండ్ల క్రిందట మన తాతలు ఒక ఊరినుండి మరియొక ఊరికి ఎట్లు పోయిరి, వారు పండించిన ధాన్యము ఏ దారిన అంగడికి చేరెను అను ప్రశ్నలకు కూడ చరిత్రయే సమాధానము చెప్పవలెను. రాజు మారినను సామాన్యుని బ్రతుకు మారకపోవచ్చును. దారి మారినచో మాత్రము అది మారక తప్పదు.

అట్టి చరిత్రను చూడగోరి, సూర్యాపేట వాస్తవ్యుడైన ఒక మిత్రునితో కలిసి హైదరాబాదునందలి కాచిగూడ రైల్వేస్టేషనుకు వెళ్లితిని. ఆ భవనము 1916లో, ఏడవ నిజాము ఉస్మాన్ అలీఖాను కాలమున, వెలసినది. గుమ్మటములను, మీనారులను చూచి, తెలియనివారు అది యేదో నవాబుగారి మహలని భ్రమింతురు. నిజాము రైల్వే యెట్లు పుట్టెనో, యెట్లు పెరిగెనో తెలుపు చిన్న ప్రదర్శనశాల నొకదానిని ఆ స్టేషనునందే యేర్పరచినారు. నా మిత్రుడు అంతయు శ్రద్ధగా చూచి, చివరకు ఒక ప్రశ్న వేసినాడు: "అన్ని ఊళ్ల ముచ్చట ఉన్నది గాని, మా సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఏవయ్యా?"

ఆ ప్రశ్న చిన్నదే. దానికి సమాధానము చెప్పవలెనన్న మాత్రము మనము నూటయేబది యేండ్లు వెనుకకు పోవలసియున్నది.

హైదరాబాదు రాజ్యమున మొదటి ముఖ్యమార్గము వాడి నుండి సికిందరాబాదు వరకు 1874లో తెరవబడినది. సికిందరాబాదునందలి తమ దండునకు బొంబాయి మార్గముతో సంబంధము కావలెనని ఆంగ్లేయులు కోరిరి. దివాను సాలార్ జంగు కాలమున ఆ మార్గము సిద్ధమైనది. వ్యయము మాత్రము నిజాము ప్రభుత్వముదే.

ఆ మీదట మార్గమును తూర్పునకు పొడిగింపవలెనను ఆలోచన కలిగినది. 1871లో భూగర్భశాస్త్రవేత్త విలియం కింగు ఇల్లెందు ప్రాంతమున బొగ్గు గనులను కనుగొనియుండెను. బొగ్గు ఉన్నచోటికి రైలు పోవలెను. రైలునకు బొగ్గు కావలెను. 1883లో లండనునందు 'నిజాముల హామీ గల రాష్ట్ర రైల్వే' అను కంపెనీ యేర్పడినది. ఆ పేరులోని 'హామీ' యను మాటను మనము గమనింపవలెను. కంపెనీవారి పెట్టుబడిపై నూటికి అయిదు వంతున వడ్డీని ఇరువదియేండ్ల వరకు నిజాము ఖజానా చెల్లించునని దాని అర్థము. లాభము వచ్చినను రాకున్నను వాటాదారులకు వడ్డీ తప్పదు. ఆ ఖజానాను నింపినది భూమిశిస్తు కట్టిన రైతు. నల్లగొండ సీమ రైతు కూడ అందొకడు.

ఈ యేర్పాటును ప్రశ్నించినవారు లేకపోలేదు. అప్పుడు దీనిని చాందా రైల్వే పథకమని పిలిచెడివారు. ఒప్పందము యొక్క వివరములను ప్రజలకు తెలుపవలెనని నగరమునందలి విద్యావంతులు కొందరు కోరిరి. వారిలో సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ ఛటోపాధ్యాయుడు ప్రముఖుడు. ముల్లా అబ్దుల్ ఖయ్యూము మరియొకడు. లెక్క యడిగిన నేరమునకు అఘోరనాథుని 1883లో రాజ్యమునుండి వెడలగొట్టిరి. తరువాత కొంతకాలమునకు ఆయన తిరిగివచ్చెను. హైదరాబాదున ప్రజాభిప్రాయమనునది తొలిసారి తలయెత్తిన సందర్భములలో ఇది యొకటి. అది సింహాసనమును గూర్చి కాదు, రైలుబండిని గూర్చి పుట్టినది.

ఇట్లు ధనము సమకూడిన పిమ్మట మార్గము వరంగల్లు మీదుగా డోర్నకలు చేరినది. అచ్చటినుండి ఒక శాఖ ఇల్లెందు గనులకు పోయినది. ముఖ్యమార్గము ఖమ్మము మీదుగా 1889లో విజయవాడను తాకినది. పటమును ముందుంచుకొని చూడుడు. హైదరాబాదునుండి విజయవాడకు పోవు రహదారి సూర్యాపేట, కోదాడల మీదుగా సాగును. రైలు ఆ దారిని విడిచి, ఉత్తరమునకు వంగి, చుట్టు తిరిగి పోయినది. దానిని అటు లాగినది బొగ్గు.

అయితే ఈ ఊళ్లకును నిజాము రైల్వేకును సంబంధమే లేదా? ఉన్నది. అది పట్టాల మీద కాక మట్టిబాట మీద యేర్పడినది. 1930 ఏప్రిల్ 1న ప్రభుత్వము కంపెనీనుండి రైల్వేను కొని స్వాధీనము చేసికొన్నది. రెండేండ్లకే, 1932 జూనులో, ఆ రైల్వేలోనే రోడ్డు రవాణా శాఖ యొకటి ఆరంభమైనది. అప్పుడు దానికి ఉన్నవి 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. రైలుబండిని నడిపిన సంస్థయే బస్సును నడిపినది! ప్రయాణికుల బస్సులను ప్రభుత్వమే నడుపుట మన దేశమున అప్పటికి క్రొత్త విషయము. పట్టాలు వేయని ఊళ్లకు రైల్వే పంపిన ప్రతినిధి బస్సే యనవచ్చును. బస్సుల సంఖ్యాఫలకముపై కనబడు 'జెడ్' అక్షరము నిజాము తల్లి జహ్రా బేగము పేరునకు గుర్తని జనశ్రుతి.

1951లో ఈ రెండు దారులు విడిపోయినవి. నవంబరు 1న బస్సుల శాఖ హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వమునకు సంక్రమించినది. నవంబరు 5న రైల్వే క్రొత్తగా యేర్పడిన సెంట్రల్ రైల్వేలో కలిసినది. బస్సుల శాఖ 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ యైనది. రైలుమార్గములు 1966 అక్టోబరు 2న యేర్పడిన దక్షిణమధ్య రైల్వేకు చెందినవి.

ఇక మిర్యాలగూడ కథ వేరు. కృష్ణకు ఆవలి యొడ్డున, నాటి మదరాసు రాజధానిలో, గుంటూరు నుండి మాచర్లకు 1930లోనే మీటరుగేజి మార్గము పడినది. నడికూడి ఆ మార్గమున నున్నది. ఈవలి యొడ్డు నిజాముది. నది యొకటియే యైనను ప్రభుత్వములు రెండు. పట్టాలు నదిని దాటలేదు. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిరి. ఎడమకాలువ క్రింద మిర్యాలగూడ ప్రాంతము వరిపొలముల సీమయై, బియ్యపు మిల్లులకు పేరుగాంచినది. బీబీనగరునుండి నల్లగొండ, మిర్యాలగూడల మీదుగా కృష్ణను దాటి నడికూడిని చేరు మార్గము 1989లో పూర్తియైనది. నిజాము రైలు విజయవాడను తాకిన నూరేండ్లకు మిర్యాలగూడ మీది ఈ మార్గము పూర్తియైనదన్నమాట! సూర్యాపేటకు, కోదాడ పట్టణమునకు నేటికిని రైల్వేస్టేషను లేదు.

ఇదంతయు విని నా మిత్రుడు, "అయితే మా తాతలు కట్టిన శిస్తు మేము ఎక్కని బండికి పోయినదన్నమాట" అని నవ్వినాడు. ఆ మాటలో నిష్ఠురమున్నది, న్యాయమును ఉన్నది.

ప్రదర్శనశాలలో భద్రపరచగలిగినది జరిగిన పని యొక్క గుర్తు మాత్రమే. జరుగని పనికి గుర్తు ఉండదు. కనుక పాత రైలుమార్గముల పటమును చూచునపుడు, గీతలతో పాటు గీతలు లేని తావులను కూడ చదువవలెను. ఒక్కొక్క గీత వెనుక ఒక నిర్ణయమున్నది. గీత లేనిచోట కూడ ఒక నిర్ణయమే యున్నది. ఆ నిర్ణయము నెవరు చేసిరి, ఎవరి ధనముతో చేసిరి, ఎవరికొరకు చేసిరి అని అడుగుట పౌరుని హక్కు. 1883లో ఆ హక్కును వాడుకొన్నవాడు దేశము విడువవలసివచ్చినది. నేడు అడుగువారికి ఆ భయము లేదు. అడుగుటయే మిగిలియున్నది.