కడపసీమ మిద్దెల వరుసలు



కోటలును కోవెలలును చరిత్రకు సాక్ష్యములని మనమందఱము ఒప్పుకొందుము. మనము పుట్టి పెరిగిన మిద్దెయు అట్టి సాక్ష్యమే యన్నచో కొందఱు నవ్వుదురు. నేడు నేను ఆ మిద్దెను గూర్చియే చెప్పదలచితిని. ఒంటిమిద్దెను గాదు; ఒకదాని నొకటి యానుకొని, వీథి యీకొననుండి యాకొనవఱకు ఉమ్మడిగోడల బలముతో నిలిచిన మిద్దెల వరుసను గూర్చి.

ఇట్టి వరుసలు లోకమున పెక్కుచోట్ల కలవు. ఇంగ్లాండుదేశమున బాత్ అను పట్టణమున రాయల్ క్రెసెంట్ అని యొక యిండ్లవరుస కలదు. 1767 మొదలు 1775 వఱకు చిన్న జాన్ వుడ్ అను శిల్పి దానిని కట్టించెను. ముప్పది యిండ్లు నెలవంక వంపున నిలిచియున్నవి. ముందరి మొగమంతయు అతని యేర్పాటు; వెనుకభాగమును మాత్రము కొన్నవారు తమ తమ యిచ్ఛకొలది కట్టుకొనిరి. అది నేడు చట్టముచే రక్షింపబడుచున్నది. 1970 తరువాతి యేండ్లలో ఒక యింటియామె తన తలుపునకు పసుపురంగు వేయగా పురపాలకులు వలదనిరి. వ్యాజ్యము నడచి తుద కామెయే గెలిచినది!

మన వరుసలలో మర్యాద దీనికి తలక్రిందులు. ముందరి మొగములు ఎవరివి వారివే. ఒకరి యరుగు ఎత్తు, ఒకరిది పల్లము. ఒకరి ద్వారబంధమునకు చెక్కడము, ఒకరిది మొద్దుకఱ్ఱ. ఏకత్వమంతయు గోడలోను కప్పులోను ఉన్నది.

ఇందులకు కారణము నేలయే. ఈ సీమలో ఏటికి ఇంచుమించు 700 మిల్లీమీటర్ల వాన పడును. అదియు నమ్మకము లేనిది. పొడుగాటి కలప అరుదు. రాయి మాత్రము కావలసినంత. 1872లో విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు కడప, కర్నూలు శిలలను గూర్చి గొప్ప గ్రంథము ప్రకటించెను. మన నార్జి గ్రామము పేరు సున్నపురాతికి పెట్టబడి నేటికిని శాస్త్రగ్రంథములలో నిలిచియున్నది. మనము నాపరాయి యనునదియు, పైదేశములవారు కడపబండ యనునదియు అదియే. పొరలు పొరలుగా విడివడు రాయి గనుక గునపముతోనే పలకలుగా లేచును. అట్టి రాతిని మట్టియడుసుతో పేర్చి, రెండడుగులు మొదలు మూడడుగుల మందముగల గోడలు పెట్టిరి. పగటియెండ ఆ గోడను దాటి లోపలికి వచ్చుసరికి ప్రొద్దు గ్రుంకును. ఇరుప్రక్కల ఇండ్లున్నచో ఎండకు తగులు గోడలు ముందొకటి, వెనుకొకటి మాత్రమే, రాతిఖర్చును తగ్గును.

ఇక కప్పు. గోడలమీదను కంబములమీదను దూలములు, దూలములమీద దంతెలు, వానిపై నాపబండలు. బండలు చేరనిచోట సన్నకఱ్ఱలును కంపయు. వానిపై మట్టి పోసి దిమ్మిసతో కొట్టుదురు. అన్నిటికిని పైన చౌడు పఱచుదురు. ఈ చౌడు సంగతి కొంచెము నిలిచి చెప్పవలసియున్నది. చౌడునేలలో సోడియపు లవణము లుండును. తడి తగులగానే ఆ మట్టిలోని సన్నని రేణువులు విడివడి, మెదిగి, చిన్న రంధ్రములన్నిటిని పూడ్చివేయును. పైన జిడ్డుగానుండును గాని నీరు క్రిందికి దిగదు. పైరు మొలవని నేల మన తాతలకు గొడుగైనది. ఈ గుణమును వారే పాఠశాలలో చదివిరి? తూమువైపునకు కొద్దిపాటి వాలు, చుట్టును పిట్టగోడ, నడుమ వెలుతురుకై గవాక్షి. వాన వచ్చిన దానిపై బండ మూతవేయుదురు.

చౌడు ఒక్కయేటి రక్ష. మృగశిరకార్తెకు ముందు బండ్లతో తెచ్చి క్రొత్తది పఱవవలెను. వరుసలో ఒక్కడు మానినను నీరు వాని కప్పులో దిగి, ఉమ్మడిగోడలో ప్రాకి, ప్రక్కవాని దూలపుకొనను క్రుళ్లించును. కావున ఈ పని వీథియంతటికిని ఒక్కసారియే జరుగవలసినది.

మిద్దెమీదుగా వీథి చివరవఱకు నడచిపోవచ్చును. వేసవిలో పడక, కారమునకు మిరపకాయల యెండబెట్టు, ఇరుగుపొరుగు ముచ్చట, అన్నియు అక్కడనే. మఱియొక ప్రయోజనమును కలదు. 1800లో నైజామునుండి ఈ సీమ కుంపిణీవారి చేతికి వచ్చి మన్రోదొర పాలనకు దిగినప్పుడు, దత్తమండలములలో ఎనుబదిమంది పాళెగాండ్రు ఉండిరి. దోపిడి భయముగల కాలమున ఇరుకైన వీథియు, పిట్టగోడచాటున నిలుచుటకు వీలగు కప్పును ఊరికి కావలియే యని నా తలంపు.

గండికోటకు పోయి చూడుడు. పెన్న లోయయంచున పెమ్మసానివారి కోట. మాధవరాయస్వామి గుడి, జుమ్మామసీదు, ధాన్యపుకొట్టు నిలిచియున్నవి. 1652లో తావెర్నియే అను ఫ్రెంచి వర్తకుడు అక్కడ మీర్ జుమ్లాను చూచెను. కోటలోపల ఊరును కలదు. కోట కేంద్రపురాతత్త్వశాఖ రక్షణలోనిది. 1958 చట్టమునకు 2010లో వచ్చిన సవరణచే రక్షితస్థలమునకు 100 మీటర్లలోపల క్రొత్త కట్టడము కూడదు. ఆపై 200 మీటర్లలో అనుమతి కావలెను. గుడికి ఇది మేలే. కారుచున్న మిద్దెను బాగుచేసికొనవలసిన కాపునకు మాత్రము దరఖాస్తు పని.

హంపిలో 2011 జూలైలో జరిగినది ఇంతకంటె కఠినము. విరూపాక్షస్వామి యెదుటి బజారులోని రాతిమండపముల వరుసలలో అనేక సంవత్సరములుగా కాపురమున్న కుటుంబములను లేపి, వారు పెట్టుకొన్న గోడలు పడగొట్టించిరి. రాయి రక్షింపబడినది, పొయ్యి ఆరినది. మండపములకు హాని కలిగెననుటలో నిజము లేకపోలేదు. అయినను మనుష్యులు లేని వీథి వీథియా?

మన పల్లెల మిద్దెలవైపు ఇంతవఱకు ఏ చట్టమును చూడలేదు. 1958 చట్టమును, 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టమును రాజుల కట్టడములకే తఱచుగా ఉపయోగపడినవి. అన్ని మిద్దెలును నిలుపవలెనని నేననను. దూలము పుచ్చినదానిక్రింద బిడ్డలను పండబెట్టుట వివేకముగాదు. ముసురులలో మిద్దె కూలి ప్రాణములు పోయిన సంగతులు మీరెఱుగనివి కావు. అసలు ప్రమాదము వరుస నడుమ ఒక్కడు తన మిద్దె తీసి సిమెంటుకప్పు వేయునప్పుడు వచ్చును. గోడ పోవును, ప్రక్కవాని దూలములు గాలిలో వ్రేలాడును. క్రొత్త కప్పునీరు పాత మట్టిపై పడును.

ఇట్టి తగవు మీ రచ్చకట్టకు వచ్చినప్పుడు మొదట గోడను చూడుడు. దూలపుకొనలు రెండువైపులనుండియు అందులో దిగియున్నచో అది ఉమ్మడిగోడ యనుటకు మంచి గుర్తు. 1882 నాటి అనుభోగహక్కుల చట్టము ప్రకారము ఇరువదియేండ్లు నిరాటంకముగా, హక్కుగా పొందిన ఆనికయు హక్కుగా నిలుచును. కూల్చువాడు ముందుగా ప్రక్కవాని దూలములక్రింద క్రొత్త కంబములు నిలుపవలెను, పిమ్మట గునపము పట్టవలెను. ఆ కంబములకగు వెచ్చము ఎవరిదని గోడ తాకకముందే కాగితముపై వ్రాయించుడు.