ఇనుప మొద్దుకు వయసెంత?

అవధానం పాపయ్య వీధి మొదట్లో, కాలిబాట అంచున, మంటలార్పే నీళ్ల కోసం నడుమెత్తు ఇనుప హైడ్రెంటు ఒకటి ఉండేది. దానికి బడి సంచులు తగిలించి గోలీలాడినవాళ్లం ఇంకా కొందరం మిగిలాం. రోడ్డు తవ్వినప్పుడు అది తుక్కు బండెక్కింది. మొద్దు పోయినా తగువు పోలేదు. అది 1872 నాటిదని మా చూలై పెద్దలు, కాదని నేను.

వాళ్ల లెక్క తేలికైనది. పుళల్ చెరువు నీళ్లు, అదే మన రెడ్ హిల్స్ నీళ్లు, కీల్పాక్ చేరి మద్రాసు పట్నం గొట్టాల్లోకి ఎక్కింది 1872లో. ఊరి చరిత్ర రాసేవాళ్లూ అక్కడే కలం మూసేస్తారు. కానీ ఆ నీళ్లు వాలును బట్టి వచ్చేవి. వడపోత లేదు, వెనక నుంచి తోసే పంపు లేదు. బిందె నిండడం వేరు, మేడ మీది మంటదాకా నీరు ఎగజిమ్మడం వేరు.

నమ్మకపోతే మన గడప పక్కన జరిగిందే చూడండి. గొట్టాలొచ్చిన 14 ఏళ్లకు, 1886 డిసెంబర్ 31న, పీపుల్స్ పార్కు తిరునాళ్లలో తాటాకు పందిళ్లు అంటుకుని వందలమంది పోయారు. పట్నానికి విడిగా అగ్నిమాపక దళం ఏర్పడింది 1908లో. ఇంజనీరు మేడ్లీ పథకం ప్రకారం కీల్పాక్‌లో ఇసుక వడపోతలు, పంపులు పని మొదలెట్టింది 1914లో. మా మొద్దుకు అసలు పని దొరికింది ఆ తర్వాతేనని నా వాదం. దాని మీది అక్షరాలు రంగుపూతల కింద ఎప్పుడో మునిగిపోయాయి కనుక, ఇక సాక్ష్యం నీళ్లే చెప్పాలి.

చూలై అంటే తమిళంలో బట్టీ. ఇది ఇటుకలు కాల్చిన నేల, పక్కనే కుమ్మరుల కోసపేట. నిప్పు పేరు పెట్టుకున్న పేటలో నీళ్ల గుర్తు ఒక్కటైనా ఉండొద్దూ? గవర్నరు హాలండ్ దొర దుబాసీగా చక్రం తిప్పి, 1792లో కుట్ర నేరానికి శిక్షపడ్డ పాపయ్య పేరు వీధి పలక మీద భద్రంగా ఉంది. ఇళ్లు కాయడానికి నిలబడ్డ ఇనుముకే చోటు లేకపోయింది.

మనవాళ్లు 'సెత్త కాలేజీ' (తమిళంలో చచ్చినవాటి కాలేజీ) అని పిలిచే ఎగ్మోర్ మ్యూజియం అమరావతి శిల్పాలకు నీడనిచ్చింది. పాత హైడ్రెంటుకు అక్కడ ఒక మూల దొరక్కపోదు. ఈసారి తవ్వకంలో ఏదైనా బయటపడితే తుక్కు కొట్టుకు వేయకండి. అక్కడికి చేర్చండి. రంగు గీకి, పోత అక్షరాలు చదివాకే పలక మీద ఏడాది రాయించండి.