పత్తెం: అనంతపురం మెట్టసీమలో ఆహార వైద్యం

జబ్బు చేసినప్పుడు, కాన్పు తర్వాత ఏం తినాలో, ఏది ముట్టకూడదో చెప్పే ఇంటి వైద్య పద్ధతి పత్తెం. గ్రంథాల్లో దీన్నే పథ్యం అన్నారు. అనంతపురం జిల్లాలో యాడికి, తాడిపత్రి, గుత్తి వైపు మెట్ట పల్లెల్లో దీని చరిత్ర తలకిందులుగా నడిచింది. రెండు మూడు తరాల కిందట ఇక్కడ కొర్రన్నం, జొన్నరొట్టె, సంగటి అందరి తిండి. వరన్నం పండగకో, మంచాన పడ్డవారికో వండేవారు. ఇప్పుడు వరన్నం అందరిదీ అయింది, కొర్రన్నం షుగరు ఉన్నవారి పత్తెమైంది.

పడమటి కనుమల వాననీడలో ఉన్న ఈ సీమలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే పడుతుంది. నల్లరేగళ్లలో జొన్న, పత్తి సాళ్ల మధ్య కొర్ర వేసేవారు. వరికి చెరువో బావో ఉండాలి. అలా పండిన కొద్దిపాటి బియ్యం విలువైనది కాబట్టి రోగికి దాచిపెట్టారు. పాత బియ్యంతో మెత్తగా వండిన అన్నం, ఉప్పు వేసిన గంజి తేలిగ్గా అరుగుతాయన్నది అనుభవం.

ఈ తిండి మూలాలు చాలా పాతవి. బళ్లారి దగ్గరి సంగనకల్లు, అనంతపురం జిల్లాలోని వేల్పుమడుగు వంటి కొత్త రాతియుగపు తావుల్లో మాడిన గింజలు దొరికాయి. వాటిలో అండుకొర్ర, ఉలవ, పెసర ముఖ్యమైనవి. ఇవి దక్కను పీఠభూమివాసులు సుమారు నాలుగు వేల ఏళ్ల కిందట తిన్న పంటలు. చరక సంహితలోని అన్నపానవిధి అధ్యాయం ఆహార పదార్థాలను 12 వర్గాలుగా విడదీసి ఒక్కొక్కదాని గుణం చెబుతుంది. అరిక, శ్యామాకం అనే చిరుధాన్యాలు తేలికైనవనీ, కఫ పిత్తాలను తగ్గించి వాతాన్ని పెంచుతాయనీ అందులో ఉంది. జబ్బును బట్టి కాచే జావలను (యవాగువులను) అదే గ్రంథం మరోచోట 28 రకాలుగా చెబుతుంది. పల్లెలో పత్తెం చెప్పిన అవ్వలకు, మంత్రసానులకు ఈ గ్రంథంతో పని పడలేదు. వారి మాటల్లో ఉన్నవి ఉడుకు, చలవ, వాతం. రాగి అంబలి చలవ. కొర్ర ఉడుకు, అందుకే మజ్జిగతో తినాలి. పుండు మానేదాకా వంకాయ, గోంగూర కూడదు. బాలింతకు వెల్లుల్లి కారంతో వేడన్నం, శొంఠి, వాము, మిరియాలు. మూత్రంలో రాళ్లకు ఉలవకట్టు.

సాధారణ తిండిని మందుగా వాడే పద్ధతి ఎంతో శాస్త్రబద్ధంగా ఎదిగింది తూర్పు ఆసియాలో. చైనా ప్రాచీన గ్రంథం చౌ లీ నాలుగు తరగతుల రాజవైద్యుల్లో ఆహార వైద్యుణ్ణే ముందు పేర్కొంటుంది. 7వ శతాబ్దపు వైద్యుడు సున్ సిమియావ్ ముందు తిండితో నయం చేయాలనీ, అది పనిచేయకపోతేనే మందు వాడాలనీ చెప్పి తన గ్రంథంలో ఆహార చికిత్సకు ప్రత్యేక భాగం కేటాయించాడు. మంగోలుల కొలువులో ఆహార వైద్యుడైన హు సిహుయ్ 1330లో వంటకాల వైద్య గ్రంథాన్ని చక్రవర్తికి సమర్పించాడు. కొరియాలో 1460లో జోన్ సునుయ్ జబ్బుల వారీగా తిండి చికిత్సలను సంకలనం చేశాడు. అక్కడి వైద్యులు ఆహారాన్ని శీతలం, చల్లన, వెచ్చన, ఉష్ణం అని నాలుగు గుణాలుగా విభజించారు. మన ఉడుకు, చలవలకు ఇది దగ్గరి చుట్టమే గానీ, ఒకరి నుంచి ఒకరు నేర్చుకున్నారని చెప్పడం తొందరపాటు.

గింజ విషయంలో మాత్రం చుట్టరికం నిజం. కొర్ర పుట్టినిల్లు ఉత్తర చైనా. సుమారు 8 వేల ఏళ్ల కిందటే అక్కడ సాగులో ఉంది. ఆ ప్రాంతంలో ఇప్పటికీ బాలింతకు మొదట పెట్టేది బెల్లంలాంటి ముదురు చక్కెర కలిపిన కొర్రజావ. అదే కొర్ర యాడికి వైపు కూలి చేసుకునేవాడి మధ్యాహ్నపు కూడైంది. ఇక్కడి బాలింతకు బియ్యం వెతికి తెచ్చారు.

పత్తెంలో కొంత, ముఖ్యంగా ఉప్పు వేసిన గంజి, పరీక్షకు నిలిచింది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా రోగులకు వైద్యుడు దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించి ప్రాణాలు కాపాడాడు. గ్లూకోజు బదులు బియ్యప్పిండి కూడా పనికివస్తుందని తర్వాత ఢాకా పరిశోధకులు చూపారు. ఫ్లోరైడు నీళ్లతో బాధపడే ఈ జిల్లాకు అక్కరకొచ్చే మరో విషయం చింతపండు. అది తిన్నప్పుడు మూత్రంలో ఫ్లోరైడు ఎక్కువగా బయటికి పోతుందని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు కనుగొన్నారు. అంతమాత్రాన పచ్చిపులుసు సురక్షిత నీటికి బదులు కాదు. ఇక జొన్న కథ వేరు. జొన్నే ముఖ్యాహారంగా బతికిన దక్కను పేదల్లో కనిపించే పెల్లాగ్రా అనే జబ్బుకు ఆ గింజలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండటమే కారణం కావచ్చని 1960లో పరిశోధకులు గోపాలన్, శ్రీకంఠయ్య ప్రతిపాదించారు. పాత తిండంతా అమృతమనేవారు ఈ సంగతి ఎత్తరు.

ఇక్కడి తిండిని తలకిందులు చేసినవి రెండు: శనక్కాయ, రేషను బియ్యం. 1960ల తర్వాత శనక్కాయ మెట్ట భూములను ఆక్రమించి కొర్రను, జొన్నను గట్లకు నెట్టింది. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం తెచ్చింది. రోగికి దాచిన బియ్యం రోజువారీ కూడైంది. దీన్ని నష్టంగా మాత్రమే రాయడం న్యాయం కాదు. కొర్రలు దంచి, చెరిగి బియ్యం తీయడం ఆడవాళ్ల వెన్ను విరిచే చాకిరీ.

తిరుగు ప్రయాణం కూడా మొదలైంది. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో ఏర్పడిన టింబక్టు కలెక్టివ్ చిరుధాన్యాల సేంద్రియ సాగును మళ్లీ నిలబెట్టింది. నంద్యాల పరిశోధన స్థానం సూర్యనంది వంటి కొర్ర రకాలు ఇచ్చింది. ప్రొద్దుటూరులో పుట్టిన ఖాదర్ వలీ కొర్ర, అండుకొర్ర, సామ, అరిక, ఊదలను సిరిధాన్యాలుగా తెలుగు ఇళ్లకు చేర్చారు; 2023లో పద్మశ్రీ అందుకున్నారు. అదే ఏడాదిని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ నేతృత్వంలో 2021లో వెలువడిన సమీక్ష, మధుమేహులు చిరుధాన్యాలు తింటే పరగడుపు చక్కెర సగటున 12 శాతం తగ్గిందని తేల్చింది. చిరుధాన్యాలతో క్యాన్సర్ నయమవుతుందన్న ప్రచారానికి అలాంటి ఆధారం లేదు. షుగరు మాత్రలు వాడేవారు కొర్రన్నం మొదలుపెట్టాక డాక్టరుతో మాట్లాడి మోతాదు సరిచూసుకోవాలి గానీ, తమంతట తాము మాత్రలు మానకూడదు.