మోటారు పందేలకు పుట్టిల్లు ఏ ఊరు?

కారు పందేల ఇల్లు ఏ నగరం అని అడిగితే అమెరికా వాళ్ళు తడుముకోకుండా ఇండియానాపొలిస్ అంటారు. ఫ్రెంచి వాళ్ళలో కొందరు పారిస్ అంటారు, కొందరు లె మాన్ అంటారు. ఇంగ్లండులో బ్రూక్‌లాండ్స్ పేరు, ఇటలీలో మోంజా పేరు వినిపిస్తాయి. మనకు మాత్రం ఒక వెసులుబాటు ఉంది. తెలుగులో పుట్టిల్లు వేరు, మెట్టినిల్లు వేరు. ఈ రెండు మాటలూ పట్టుకుని చూస్తే తగాదా చాలావరకు తీరుతుందని నాకనిపిస్తుంది. మీరూ చూడండి.

ముందు పుట్టిల్లు. 1894లో పారిస్ దినపత్రిక 'ల పెతి జుర్నాల్' గుర్రాలు లేని బళ్ళకు ఒక పోటీ ప్రకటించింది. పారిస్ నుంచి రువాన్ దాకా 126 కి.మీ. వెళ్ళాలి. వేగంగా వెళ్ళినవాడికి బహుమతి అని మాత్రం అనలేదు. ప్రమాదం లేకుండా, సులువుగా, తక్కువ ఖర్చుతో నడిచే బండికి అన్నారు. 102 దరఖాస్తులు వచ్చాయి. గురుత్వాకర్షణతో నడిచే బండి అని ఒకరు, సంపీడిత వాయువుతో నడిచే బండి అని మరొకరు రాశారు! చివరకు జూలై 22న బయలుదేరినవి 21. దారిలో మాంత్ అనే ఊళ్ళో అందరూ ఆగి తీరిగ్గా భోజనం చేశారు. అదీ ఆనాటి పందెం!

రువాన్‌కు ముందుగా చేరింది కౌంట్ ద దియాన్ ఆవిరి బండి. సగటు వేగం గంటకు సుమారు 19 కి.మీ. అయినా మొదటి బహుమతి ఆయనకు దక్కలేదు. ఆవిరి యంత్రానికి బొగ్గు వేసే మనిషి ఒకడు వేరే కావాలి కదా, అది 'సులువుగా నడిచే బండి' ఎలా అవుతుందని నిర్ణేతలు అడ్డు చెప్పారు. పెట్రోలుతో నడిచిన పెజో, పనార్ లెవాసోర్ కంపెనీల బళ్ళకు బహుమతి పంచారు. ఈ తీర్పు సబబేనా అని ఇప్పటికీ వాదించవచ్చు. నా మటుకు నాకు సబబే అనిపిస్తుంది, ఎందుకంటే నిబంధన ముందే చెప్పారు.

మరుసటి ఏడాది జూన్‌లో అదే పారిస్ నుంచి బోర్డో వెళ్ళి తిరిగి రావాలి. మొత్తం 1,178 కి.మీ. ఈసారి వేగమే లెక్క. ఎమీల్ లెవాసోర్ సుమారు 4 అశ్వశక్తి గల బండిని 48 గంటల 48 నిమిషాల్లో తిరిగి తెచ్చాడు. దారిలో బండి అందుకోవలసిన రెండో చోదకుడు నిద్రలో ఉంటే, లేపి అప్పగించేదాకా ఆగలేక తానే ముందుకు సాగిపోయాడు. ఆవిరి బళ్ళలో ఒక్కటే తిరిగి రాగలిగింది. కారుకు గాలి నింపిన టైర్లు తొడిగి పందెంలో దింపింది కూడా అప్పుడే. మిషెలాన్ సోదరుల ఆ బండికి దారి పొడవునా పంక్చర్లే. గడువు దాటాక ఎలాగో చేరింది గాని, టైరు నిలబడింది.

ఆపైన వేగం పెరిగింది, రోడ్లు మాత్రం మారలేదు. 1903 మే నెలలో పారిస్ నుంచి మాడ్రిడ్‌కు పందెం పెట్టారు. మట్టి రోడ్లు, రెండు పక్కలా జనం, కళ్ళకు ఏమీ కనిపించనంత దుమ్ము. బోర్డో దాకా ముందున్న గాబ్రియేల్ సగటు వేగం గంటకు 105 కి.మీ. అంటే ఎనిమిదేళ్ళలో వేగం నాలుగు రెట్లు దాటింది. వేగం నాలుగు రెట్లయితే గతిజ శక్తి పదహారు రెట్లవుతుందని మీరు పాఠాల్లో చదివే ఉంటారు. ఆ శక్తినంతా ఆపవలసిన బ్రేకులు వెనక చక్రాలకే ఉండేవి. రెనో కంపెనీ స్థాపకుల్లో ఒకడైన మార్సెల్ రెనోతో సహా పలువురు చోదకులు, మెకానిక్కులు, చూడ్డానికి వచ్చినవాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఫ్రెంచి ప్రభుత్వం పందేన్ని బోర్డోలోనే ఆపేసింది. కార్లను గుర్రాల చేత రైలు స్టేషనుకు లాగించి, రైల్లో వెనక్కి పంపించారు.

ఊరి నుంచి ఊరికి పరుగెత్తే పందేనికి అక్కడితో కాలం చెల్లింది. ఇక దానికి ఒక చోటు, ఒక కంచె కావలసి వచ్చాయి. 1906లో లె మాన్ దగ్గర మామూలు రోడ్లనే మూసి, 103 కి.మీ. చుట్టుగా మార్చి మొదటి గ్రాన్ ప్రీ నడిపారు. 1907లో ఇంగ్లండులో బ్రూక్‌లాండ్స్ వద్ద పందేల కోసమే కాంక్రీటు దారి కట్టారు. అయితే అది లండన్‌కు నైరుతిన ఉన్న పల్లె ప్రాంతం, నగరం కాదు. 1939 తరువాత అక్కడ పందేలూ జరగలేదు.

ఇండియానాపొలిస్ కథ వేరు. ఆ రోజుల్లో మార్మన్, కోల్, నేషనల్ వంటి కార్ల కార్ఖానాలు ఆ ఊళ్ళోనే ఉండేవి. కొత్త కార్లను నిజమైన వేగంలో పరీక్షించడానికి చోటు లేదని కార్ల్ ఫిషర్ అనే వ్యాపారి మరికొందరితో కలిసి 1909లో రెండున్నర మైళ్ళ దారి వేయించాడు. కంకర మీద తారు పోశారు. ఆగస్టులో కార్లు దిగేసరికి దారి పెళ్ళలుగా లేచిపోయింది. మూడు రోజుల్లో ఐదుగురు చనిపోయారు.

దారి ఎందుకు లేచిపోయిందో ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. అక్కడి మలుపు ఒక్కొక్కటి పావు మైలు పొడవున్న పావు వృత్తం. అంటే వ్యాసార్థం సుమారు 256 మీటర్లు. దారి లోపలి వైపుకు 9 డిగ్రీల పైచిలుకు వాలి ఉంటుంది. ఆ వాలు ఒక్కటే గంటకు సుమారు 73 కి.మీ. వేగం దాకా కారును మలుపులో నిలపగలదు. 120 కి.మీ. వేగంలో కావలసిన అభికేంద్ర బలంలో మూడో వంతుకు కాస్త ఎక్కువ మాత్రమే వాలు ఇస్తుంది. మిగిలినదంతా టైరుకూ దారికీ మధ్య ఘర్షణే ఇవ్వాలి. టైరు నేలను పక్కకు తోస్తుంది. నేల వదులుగా ఉంటే కంకర ఊడివచ్చి వెనక వచ్చేవాడి ముఖాన పడుతుంది.

ఫిషర్ బృందం దారి మూసెయ్యలేదు. 63 రోజుల్లో 32 లక్షల ఇటుకలు పరిపించింది. 1911 మే 30న అక్కడ 500 మైళ్ళ పందెం మొదలైంది. గెలిచిన రే హారూన్ సగటు వేగం గంటకు 120 కి.మీ. మిగతావాళ్ళ పక్కన వెనక్కి చూసి చెప్పే మెకానిక్కు ఉంటే ఇతనిది ఒంటి సీటు కారు. అది ప్రమాదమని తోటి చోదకులు గొడవ చేస్తే ఎదురుగా ఒక అద్దం బిగించుకున్నాడు. ఇటుకల కుదుపుకు ఆ అద్దంలో ఏమీ కనిపించలేదని తరువాత ఆయనే ఒప్పుకున్నాడట!

రెండు ప్రపంచ యుద్ధాల విరామం తప్ప ఆ పందెం ఏటా అక్కడే జరుగుతూ వచ్చింది. కాబట్టి పుట్టిల్లు పారిస్, మెట్టినిల్లు ఇండియానాపొలిస్ అని నా తీర్పు. లె మాన్ అభిమానులు 1923లో మొదలైన 24 గంటల పందేన్ని చూపించి నన్ను నిలదీయవచ్చు. వాళ్ళ వాదనలో బలం లేకపోలేదు. ఇక నగరవీధుల్లో పందెం అంటారా, అది 2023 ఫిబ్రవరి 11న మన హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డునే జరిగింది. అవి బ్యాటరీ కార్లు. గెలిచిన జాన్ ఎరిక్ వెర్న్ ఫ్రెంచివాడే కావడం కాకతాళీయం.

నా తీర్పులో ఒక చిన్న లొసుగు ఉందని కూడా చెప్పాలి. ఆ ఇటుకల దారి ఇండియానాపొలిస్ నగరం హద్దుల్లో లేదు. నగరం చుట్టూ ఉన్నా, 1926లో విడిగా ఏర్పడిన స్పీడ్‌వే అనే చిన్న పట్టణంలో ఉంది. 1961 నాటికి దారంతా తారు పరిచేశారు. గెలుపు గీత దగ్గర మూడడుగుల వెడల్పు పట్టీలో మాత్రం ఆ పాత ఇటుకలను అలాగే ఉంచారు.