స్తనార్బుద విలంబిత పునరాగమనము

రొమ్మున పుట్టిన రాచపుండు శస్త్రచికిత్సచే తొలగింపబడిన అయిదేండ్లకు, ఒక్కొక్కప్పుడు ఇరువదేండ్లకు పిమ్మట, మరల తలయెత్తుటను విలంబిత పునరాగమనమందురు. ఈస్ట్రోజెను హార్మోనుచే పోషింపబడు అర్బుదములయందే యిది విశేషముగా కానవచ్చును. తొలినాడే ఎముకల మూలుగ మొదలగు చోట్లకు చేరిన కణములు చిరకాలము నిద్రాణములై యుండి మేల్కొనుటయే హేతువని వైద్యుల యభిప్రాయము. అయిదేండ్లు హార్మోనుచికిత్స పొందినవారిని గూర్చి 2017లో వెలువడిన పరిశోధనయందు, తరువాతి పదునైదేండ్లలో దూరాంగములకు వ్యాధి ప్రాకు సంభావ్యత, తొలి గడ్డ పరిమాణమును చంకగ్రంథుల స్థితిని బట్టి, నూటికి 10 మొదలు 41 వరకు కనబడెను.

ముంబయిలో కామాఠీపురమందును వర్లి చాళ్లయందును వార్ధక్యము గడపు తెలుగు స్త్రీలలో ఈ వ్యాధి ఆలస్యముగా బయటపడుట వింత గాదు. బ్రతుకంతయు నేలపై చతికిలబడి బీడీలు చుట్టిన అవ్వకు నడుము నొచ్చినచో, ముసలితనపు నొప్పులేయని ఇంటివారు నూనె మర్దించి యూరకుందురు. వర్లిలో 1920ల నాటి బి.డి.డి. (బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్) చాళ్లకు మూడంతస్తుల మెట్లేగాని లిఫ్టు లేకుండెను. వ్యాధి తొలిచిన వెన్నుపూస అట్టి మెట్లపై ఒక్క జారుపాటుతో విరుగవచ్చును. ఎన్నడో రొమ్ము తీయించుకొనిన స్త్రీకి రాత్రులందును తగ్గని యెముకనొప్పి పుట్టినయెడల వాతమని కొట్టివేయరాదు. కాళ్లు చచ్చుబడినచో ఆనాడే ఆసుపత్రికి చేర్పవలెను.

ఈ చాళ్లకు అనతిదూరమున, పరేలులో, 1941 ఫిబ్రవరి 28న ప్రారంభమైన టాటా మెమోరియల్ ఆసుపత్రి కలదు. పాత కేసుపేపర్లు వెంటగొనిపోవుట మేలు. ఐనను కణముల స్వభావము కాలక్రమమున మారవచ్చును గావున, వీలైనచో క్రొత్తగా ముక్క తీసి పరీక్షింతురు. వ్యాధి మచ్చకడనే పరిమితమైనచో కోసి తీయుదురు. దూరాంగములకు ప్రాకినది సాధారణముగా సమూలముగా పోదు, కాని యేండ్ల తరబడి అదుపులో నుండవచ్చును.

అండాశయములను తీసివేసినచో రొమ్ముగడ్డలు కొన్ని కృశించునని గ్లాస్గో వైద్యుడు బీట్సన్ 1896లోనే చూపెను. నేటి లెట్రోజోల్ బిళ్ల ఈస్ట్రోజెనును తగ్గించి, కత్తి లేకయే ఆ మార్గమున నడచుచున్నది. దానికి పాల్బోసైక్లిబ్ వంటి మందు జోడింతురు; 2023లో భారతదేశమున దీని పేటెంటు ముగియుటతో వెల తగ్గినది. ఈ మందువలన తెల్లకణములు తగ్గును గావున జ్వరము వచ్చిన తోడనే వైద్యునికి తెలుపవలెను. లెట్రోజోల్ ఎముకలను పలుచబరచును. ఎముకల రక్షణకై జోలెడ్రోనిక్ ఆమ్లమును సెలైనుతో ఎక్కింతురు, అంతకుముందే పుచ్చుపళ్ల సంగతి చూచుకొనవలెను. ఒక్క పర్యాయపు కిరణచికిత్సతోనే ఎముకనొప్పి పలువురికి ఉపశమించును.

ఎనుబదేండ్లు నిండినవను కారణముననే చికిత్స మానుట తగదు: గుండె, మూత్రపిండములు, మ్రింగుచున్న తక్కిన మందులు, నడువగల శక్తి, ఇంట తోడుండువారు, రోగి యిచ్ఛ, ఇవన్నియు విచారించియే కీమోథెరపీ అవసరమా కాదాయని నిర్ణయింతురు.