సైనికుల కోసం జంప్ బ్లూస్ ధ్వనిముద్రణలు

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో విదేశాలలో ఉన్న తన సైనికుల వినోదం కోసం అమెరికా సైనిక శాఖ ప్రత్యేకంగా గ్రామఫోను రికార్డులను, రేడియో కార్యక్రమాలను తయారు చేయించింది. వాటిలో వినిపించిన సంగీతరీతులలో జంప్ బ్లూస్ ఒకటి. ఈ ధ్వనిముద్రణలకు ప్రధాన ఆధారాలు రెండు: వి-డిస్క్ అనే రికార్డులు (1943–1949), జూబిలీ అనే రేడియో కార్యక్రమం (1942లో ప్రారంభం). వి-డిస్కులను అమ్మరాదని, అవసరం తీరిన తరువాత వాటి మూలముద్రలను నాశనం చేయాలని ముందే ఒప్పందం జరిగింది. అయినా కొన్ని ప్రతులు మిగిలినందువలన ఆ కాలపు సంగీతం కొంత నేటికీ దక్కింది.

జంప్ బ్లూస్ స్వరూపం

1930ల చివర, 1940లలో అమెరికాలోని నల్లజాతి సంగీతకారులు రూపొందించిన వేగవంతమైన నృత్యసంగీతం జంప్ బ్లూస్. పెద్ద జాజ్ వాద్యబృందాలకు బదులుగా ఐదు నుండి ఎనిమిది మంది గల చిన్న బృందం దీనికి సరిపోయేది. శాక్సఫోను, పియానో, డ్రమ్స్ ఇందులో ముఖ్య వాద్యాలు. పాటలలో హాస్యం ఎక్కువగా ఉంటుంది. నాలుగేసి మాత్రలు గల పన్నెండు భాగాల ఆవృతం పాటంతా మళ్ళీ మళ్ళీ వస్తుంది. కర్ణాటక సంగీతంలోని తాళావర్తం వలె ఇది గాయకునికీ, వాద్యకారులకూ ఆధారం. అయితే ఇక్కడ లయతో పాటు స్వరసమ్మేళనాల వరుస కూడా స్థిరంగా ఉంటుంది.

నేపథ్యం

అమెరికా వాద్యకారుల సంఘం అధ్యక్షుడు జేమ్స్ పెట్రిల్లో పిలుపు మేరకు 1942 ఆగస్టు 1 నుండి సంఘ సభ్యులు రికార్డు కంపెనీలకు వాయించడం మానివేశారు. రికార్డుల వలన వాద్యకారుల ఉపాధి పోతున్నదని, కంపెనీలు అందుకు పరిహారం చెల్లించాలని సంఘం కోరింది. డెక్కా కంపెనీ 1943 సెప్టెంబరులో రాజీ పడగా, ఆర్.సి.ఎ. విక్టర్, కొలంబియా కంపెనీలు 1944 నవంబరు వరకు పట్టుబట్టాయి.

దీనికి మరొక ఇబ్బంది తోడయింది. ఆనాటి రికార్డులు షెల్లాక్‌తో తయారయ్యేవి. లక్క నుండి తీసే ఈ పదార్థానికి ప్రధాన ఎగుమతిదారు భారతదేశం. యుద్ధం వలన సరఫరా తగ్గి, 1942లో అమెరికా ప్రభుత్వం షెల్లాక్ వాడకంపై ఆంక్షలు విధించింది. పైగా షెల్లాక్ రికార్డులు దూరప్రయాణంలో సులభంగా పగిలిపోయేవి.

వి-డిస్కులు

సైనికుల కోసం ప్రత్యేక రికార్డులు తయారు చేయాలని లెఫ్టినెంట్ జి. రాబర్ట్ విన్సెంట్ 1943లో ప్రతిపాదించాడు. తొలి రికార్డుల పెట్టెలు 1943 అక్టోబరు 1న న్యూజెర్సీ రాష్ట్రంలోని కామ్‌డెన్ నుండి బయలుదేరాయి. తొలి రికార్డులలో ఎక్కువగా అప్పటికే ఉన్న ధ్వనిముద్రణలను వాడుకున్నారు. అదే నెలలో, వాణిజ్యానికి వాడరాదన్న షరతుపై, పెట్రిల్లో కొత్త ధ్వనిముద్రణలకు అంగీకరించాడు. కళాకారులు ప్రతిఫలం లేకుండా పాల్గొన్నారు. పాటకు ముందు సైనికులను ఉద్దేశించి నాలుగు మాటలు చెప్పడం పరిపాటి అయింది.

ఈ రికార్డులను తేలికగా పగలని వినైలైట్ వంటి పదార్థాలతో చేశారు. వ్యాసం 12 అంగుళాలు, వేగం నిమిషానికి 78 భ్రమణాలు. మామూలు 10 అంగుళాల రికార్డులో ఒక వైపు సుమారు మూడు నిమిషాలే పట్టగా, వీటిలో ఆరు నిమిషాలకు పైగా పట్టేది. అందువలన వాద్యకారులు కచేరీలో వలె తీరికగా వాయించగలిగారు. మొత్తం 80 లక్షలకు పైగా రికార్డులు పంపిణీ అయ్యాయి. కౌంట్ బేసీ, లయొనెల్ హాంప్టన్, లూయీ జోర్డాన్ బృందాల సంగీతం వీటిలో ఉంది.

జూబిలీ కార్యక్రమం

ఆనాటి అమెరికా సైన్యంలో నల్లజాతివారికి వేరే దళాలు ఉండేవి. పది లక్షలకు పైగా నల్లజాతి సైనికులలో అధికశాతం రోడ్లు వేయడం, సరుకులు మోయడం వంటి పనులకే నియమితులయ్యారు. వారి మనోబలం పెంచడానికి సైనిక రేడియో సంస్థ 1942లో జూబిలీని ప్రారంభించింది. ఎర్నీ విట్‌మన్ దీనికి ప్రసిద్ధ వ్యాఖ్యాత. లాస్ ఏంజెలస్‌లో ప్రేక్షకుల ముందు జరిగిన ఈ కార్యక్రమాన్ని 16 అంగుళాల డిస్కులపై నమోదు చేసి విదేశాలలోని సైనిక కేంద్రాలకు పంపేవారు. దళాలు వేరైనా రేడియో తరంగాలకు ఆ విభజన లేదు కనుక తెల్లజాతి సైనికులు కూడా దీనిని వినగలిగారు. సైన్యంలో జాతివివక్షను తొలగించే ఉత్తర్వుపై అధ్యక్షుడు ట్రూమన్ 1948 జూలై 26న సంతకం చేశాడు.

లూయీ జోర్డాన్

ఈ రీతికి అగ్రగణ్యుడైన లూయీ జోర్డాన్ (1908–1975) ఆర్కన్సా రాష్ట్రంలోని బ్రింక్‌లీలో జన్మించాడు. గాయకుడు, శాక్సఫోను విద్వాంసుడు అయిన ఇతని బృందం పేరు టింపనీ ఫైవ్. సామాన్య సైనికుని దినచర్యను హాస్యంగా వర్ణించే 'జి.ఐ. జైవ్' అనే పాటను జానీ మెర్సర్ రచించగా, జోర్డాన్ పాడిన డెక్కా రికార్డు 1944లో అమెరికాలో ప్రథమ స్థానం పొందింది. నల్లజాతి శ్రోతలతో పాటు తెల్లజాతి శ్రోతలూ దీనిని ఆదరించారు.

నాశనం, పరిరక్షణ

వి-డిస్క్ పథకం 1949లో ముగిసింది. ఒప్పందం ప్రకారం మూలముద్రలను ధ్వంసం చేశారు. సైనికులు రహస్యంగా ఇంటికి తెచ్చుకున్న ప్రతులను కూడా అధికారులు కొన్నిచోట్ల జప్తు చేశారు. అయినా అనేక ప్రతులు మిగిలాయి. అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో వీటి సంపుటి భద్రంగా ఉంది.

ప్రాముఖ్యత

సమ్మె కాలంలో వాణిజ్య రికార్డులు చాలావరకు ఆగిపోయినందున, ఆ రెండేళ్ళలో అమెరికా సంగీతం ఎలా మారిందో తెలుసుకోవడానికి ఇవి విలువైన ఆధారాలు. జంప్ బ్లూస్ నుండి యుద్ధానంతరం రిథమ్ అండ్ బ్లూస్, 1950లలో రాక్ అండ్ రోల్ వికసించాయి. వాద్యకారుల జీవనోపాధిని కాపాడడానికి పెట్టిన షరతును పూర్తిగా అమలు చేసి ఉంటే, వారి కళకే సాక్ష్యం మిగిలేది కాదు.